కిటికీ అద్దానికి సెక్యూరిటీ ఫిల్మ్ అంటిస్తే హరికేన్ కోడ్‌కు సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో 1988లో కట్టిన ఇల్లు కొన్నారు. కిటికీలన్నీ పాతవే: ఒంటి అద్దం, సన్నని అల్యూమినియం చట్రం. పెరటి వైపు పెద్ద స్లైడింగ్ తలుపు ఉంది. ఒక ఫిల్మ్ కంపెనీ మనిషి వచ్చి, అద్దాలకు లోపలి వైపు 8 మిల్ మందపు సెక్యూరిటీ ఫిల్మ్ (పలుచని ప్లాస్టిక్ పొర) అంటిస్తే చాలు, ఇల్లు హరికేన్ కోడ్‌కు, అంటే తుఫాను గాలికి తట్టుకునేలా ఇల్లు ఉండాలనే నిర్మాణ నిబంధనలకు, సరిపోతుందన్నాడు. కిటికీలను బయటి నుంచి మూసే షట్టర్ల ఖర్చు తప్పుతుందనీ, బీమా తగ్గుతుందనీ చెప్పి ఒక ల్యాబ్ రిపోర్టు చూపించాడు. రెండు పడకగదులకు ఇప్పటికే వేయించారు. మిగతా ఇంటికి కూడా వేయించాలా అని అడుగుతున్నారు.

కోడ్ కోసమైతే వేయించకండి. ఫిల్మ్ పనికిరాని వస్తువని కాదు. అతను చెప్పిన పద్ధతిలో, మీకున్న కిటికీలకు అంటిస్తే అది కోడ్ అడిగే రక్షణగా లెక్కకు రాదు. ఎందుకు రాదో కొంచెం విడమరిచి చెబుతాను. దక్షిణ ఫ్లోరిడాలో కిటికీలు, షట్టర్ల డిజైను, తనిఖీల పనిలో ఇరవై ఏళ్లు దాటాయి నాకు. ఇదే ప్రశ్న ప్రతి జూన్ నెలలోనూ, అంటే హరికేన్ సీజన్ మొదలవగానే, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

ముందు కోడ్ దేని గురించి ఆలోచిస్తోందో చూడాలి. చాలామంది అనుకునేది, అద్దం పగిలి పెంకులు ఎగిరి మనుషులకు గుచ్చుకోకూడదన్నది కోడ్ ఉద్దేశమని. అది దాని చింతల్లో ఒకటే, అదీ పెద్దది కాదు. అసలు భయం గోడకు పడే రంధ్రం. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ హోమ్‌స్టెడ్ మీదుగా దాటినప్పుడు నేర్చుకున్న పాఠం అది. కిటికీయో గ్యారేజీ తలుపో పోయింది, గాలి లోపలికి దూరింది, దూరిన గాలి ఇంటిని బెలూన్‌లా ఉబ్బించింది. బయట కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పైకి లాగుతోంది, లోపలి గాలి కింది నుంచి పైకి నెడుతోంది. రెండూ కలిస్తే కప్పు లేచిపోయింది.

ఈ సంగతి ఇంజినీర్ల లెక్కల్లో ఎలా కనిపిస్తుందో చెబితే మీకు తీవ్రత తెలుస్తుంది. మేము వాడే ఏ.ఎస్.సి.ఇ. 7 అనే అమెరికా సివిల్ ఇంజినీర్ల ప్రమాణంలో, మూసి ఉన్న ఇంటికి లోపలి ఒత్తిడి గుణకం (లోపలి గాలి ఎంత బలంగా నెడుతుందో లెక్కకట్టే అంకె) 0.18. గోడలో తగినంత పెద్ద రంధ్రం పడి ఇల్లు ‘పాక్షికంగా మూసిన’ కోవలోకి జారితే అదే గుణకం 0.55. మూడు రెట్లు. ఒక్క స్లైడింగ్ తలుపు పోయినందుకు, ఆ తలుపుతో ఏ సంబంధమూ లేని పడకగది పైకప్పు మేకుల మీద భారం పెరుగుతుంది. అందుకే కోడ్ ‘అద్దం పగిలిందా’ అని అడగదు. పగిలితే పగలనీ అంటుంది. ‘పగిలాక, ఆ తర్వాత గంటల తరబడి గాలి కొట్టాక, ఆ తెరుపు (గోడలో కిటికీ లేదా తలుపు కూర్చునే ఖాళీ) ఇంకా మూసుకునే ఉందా’ అని అడుగుతుంది. మీ ఫిల్మ్ మనిషి మొదటి ప్రశ్నకు జవాబు తెచ్చాడు. ఇక్కడ అడుగుతున్నది రెండోది.

ఆండ్రూ తర్వాత మయామీ-డేడ్ వాళ్లు పరీక్షలు తయారు చేశారు. ఇప్పుడు వాటిని టి.ఏ.ఎస్. 201, 202, 203 అంటారు. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ వచ్చింది. మయామీ-డేడ్, బ్రోవార్డ్ కౌంటీలు రెండూ అందులో ‘అతివేగ హరికేన్ మండలం’. అక్కడ ఈ టి.ఏ.ఎస్. పరీక్షలే తప్పనిసరి. మీ పామ్ బీచ్ ఆ గీతకు సరిగ్గా ఉత్తరాన ఉంది. కాబట్టి మీకు ఏ.ఎస్.టి.ఎం. ఇ 1886, ఇ 1996 అనే జాతీయ పరీక్షలు కూడా చెల్లుతాయి. గీత దాటినంత మాత్రాన గాలి మెత్తబడదు కనుక పెద్ద తేడా ఊహించుకోకండి.

పరీక్ష ఎలా ఉంటుందంటే, 9 పౌండ్ల బరువున్న టూ-బై-ఫోర్ (ఇళ్ల చట్రాలకు వాడే మామూలు కొలత) కలప దుంగను గాలి ఫిరంగిలో పెట్టి సెకనుకు 50 అడుగుల వేగంతో, అంటే గంటకు 34 మైళ్లతో, కిటికీకి ఎదురుగా కొడతారు. మయామీ-డేడ్ పద్ధతిలో ఒక దెబ్బ నట్టనడుమ, ఇంకో దెబ్బ మూల దగ్గర. మూల దెబ్బే కష్టం, ఎందుకంటే అక్కడ అద్దానికి వంగే వీలుండదు. నేల నుంచి 30 అడుగుల ఎత్తు వరకు ఉన్న కిటికీలకు ఈ పెద్ద వస్తువు పరీక్ష. ఆపైన ఉన్నవాటికి 2 గ్రాముల ఉక్కు గోళీలతో చిన్న వస్తువు పరీక్ష. పై అంతస్తుల దాకా దూలాలు ఎగిరి రావు గానీ, పక్క భవనం కప్పు మీది కంకర వస్తుంది. 1983లో అలీషియా హరికేన్ హ్యూస్టన్ నడిబొడ్డున ఆకాశహర్మ్యాల అద్దాలను రాల్చింది చాలావరకు ఆ కంకరతోనే. మీది ఒక అంతస్తు ఇల్లు. మీకు దుంగ పరీక్షే వర్తిస్తుంది. ఇది గుర్తుంచుకోండి, ఆ రిపోర్టు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

దుంగ దెబ్బకు తట్టుకున్నా ముందుంది ముసళ్ల పండుగ. అదే పగిలిన కిటికీని, బాగు చేయకుండా, గాలి పెట్టెకు బిగించి ఒత్తిడి చక్రాలు నడుపుతారు. లోపలికి నెట్టడం, బయటికి లాగడం. ఏ.ఎస్.టి.ఎం. పద్ధతిలో మొత్తం 9,000 సార్లు: 4,500 లోపలికి, 4,500 బయటికి. మయామీ-డేడ్ పద్ధతిలో సంఖ్య తక్కువ, 1,342. కానీ అక్కడ ఒక చక్రాన్ని డిజైన్ ఒత్తిడికి (ఆ కిటికీ తట్టుకోవాలని లెక్కకట్టిన గాలి ఒత్తిడికి) 1.3 రెట్ల దాకా తీసుకెళతారు. ఇదంతా అయ్యాక, ఏ.ఎస్.టి.ఎం. లెక్కన, 5 అంగుళాల కంటే పొడవైన చీలిక గాలి చొరబడేలా ఉండకూడదు. 3 అంగుళాల గోళం దూరేంత రంధ్రం ఉండకూడదు. అప్పుడే ఆ కిటికీ నెగ్గినట్టు.

ఫిల్మ్ వేసిన ఒక పాత కిటికీని ల్యాబులో ఇలా పరీక్షిస్తుంటే దగ్గరుండి చూశాను. దుంగ తగిలింది. అద్దం సాలెగూడులా పగిలింది. ఫిల్మ్ చిరగలేదు, ఒక్క పెంకు నేల రాలలేదు. తయారీదారు తరఫున వచ్చినవాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. తర్వాత ఒత్తిడి చక్రాలు మొదలయ్యాయి. కొన్ని వందలు గడిచేసరికి పగిలిన అద్దం మొత్తం ఊపిరి తీసుకుంటున్నట్టు లోపలికీ బయటికీ కదలడం మొదలెట్టింది. ఒక అంచున చట్రం గాడిలోంచి అద్దం అంగుళం జారింది, తర్వాత రెండంగుళాలు. ఆ తర్వాత మొత్తం పలక ఫిల్మ్‌తో సహా చాపలా చుట్టుకుని బయటికి వచ్చేసింది. ఫిల్మ్ అప్పటికీ చిరగలేదు! దాని పని అది చేసింది. కానీ గోడకు కిటికీ అంత రంధ్రం మిగిలింది.

ల్యాబు బయట కూడా అదే కథ. 2005 అక్టోబరులో విల్మా హరికేన్ వెళ్లిపోయాక మీ కౌంటీలోనే ఒక ఇంటికి నష్టం చూడడానికి వెళ్లాను. స్లైడింగ్ తలుపు అద్దానికి ఫిల్మ్ వేయించారు. అద్దం వేలాది ముక్కలై, ఒక్కటీ చెదరకుండా, ఒకే దుప్పటిలా సోఫా మీద పరుచుకుని ఉంది. ఇంట్లో సగం కప్పు తడిసి కిందికి వచ్చింది. ఇంటాయన నన్ను అడిగిన మాట: ‘మరి ఫిల్మ్ చిరగలేదు కదండీ?’

ఇక ఫిల్మ్ సంగతి. అది పాలియెస్టర్ పొర. వెనక ఒత్తితే అంటుకునే జిగురు. దాని మందాన్ని మిల్‌లలో చెబుతారు. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. మీకు చెప్పిన 8 మిల్ అంటే 0.2 మిల్లీమీటర్లు. ఇప్పుడు దీన్ని అసలైన ఇంపాక్ట్ కిటికీలో (ఎగిరివచ్చే వస్తువుల దెబ్బను తట్టుకునేలా చేసిన కిటికీలో) వాడే లామినేటెడ్ అద్దంతో పోల్చండి. అందులో రెండు అద్దాల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర సాధారణంగా 90 మిల్ ఉంటుంది. పదకొండు రెట్లు మందం. అంతకంటే ముఖ్యం, ఆ అద్దాన్ని కార్ఖానాలోనే చట్రంలో లోతుగా కూర్చోబెట్టి సిలికోన్‌తో అతికిస్తారు. చట్రం బలంగా ఉంటుంది, గోడకు బిగించే మరలు దగ్గర దగ్గరగా ఉంటాయి. పరీక్ష నెగ్గేది ఈ మొత్తం కట్టడం. అద్దం అందులో ఒక భాగం.

ఫిల్మ్‌ను మామూలుగా అంటించేటప్పుడు కనిపించే అద్దం మేరకే కత్తిరించి, చట్రం అంచుకు వెంట్రుకవాసి ఎడం వదిలి అంటిస్తారు. మీ పడకగదుల్లో వేసింది ఇలాంటిదే అయి ఉంటుంది. గోటితో అంచు తడిమి చూడండి, తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఫిల్మ్‌కూ చట్రానికీ మధ్య సంబంధమే లేదు. అద్దం చట్రాన్ని పట్టుకుని ఉన్నంతసేపే ఫిల్మ్ కూడా ఉంటుంది. పాత కిటికీలో ఆ పట్టు ఎంత? అర అంగుళం గాడి, ముప్పై అయిదేళ్లకు పైగా ఎండలో పెళుసుబారిన రబ్బరు పట్టీ.

స్లైడింగ్ తలుపు దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది టెంపర్డ్ అద్దం, అంటే వేడిచేసి గట్టిపరిచినది. మనుషులు తగిలి గాయపడకూడదని తలుపులకు ఇలాంటి భద్రతా అద్దమే వాడాలి. టెంపర్డ్ అద్దం ఒకచోట దెబ్బ తగిలితే మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది. మామూలు అద్దమైతే పెద్ద పెంకులుగా పగిలి, ఫిల్మ్‌కు అంటుకుని, కొంత బిగువైనా మిగులుతుంది. టెంపర్డ్‌లో అదీ ఉండదు, తడిసిన దుప్పటిని నిలబెట్టినట్టే. పైగా ఇంట్లోకెల్లా పెద్ద అద్దం అదే. గంటకు 140 మైళ్ల గాలి, ఎత్తు, పరిసరాల సవరింపులు పక్కన పెడితే, చదరపు అడుగుకు సుమారు 50 పౌండ్లు నెడుతుంది. మీ తలుపు వెడల్పు 6 అడుగులు, ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు అనుకుంటే 40 చదరపు అడుగులు. మొత్తం 2,000 పౌండ్లు. ఒక చిన్న కారు బరువు అటూ ఇటూ ఊగుతుంటే ఆ దుప్పటి ఎంతసేపు ఆగుతుంది?

ఇది ఫిల్మ్ కంపెనీలకు తెలియని సంగతి కాదు. అందుకే మంచి కంపెనీలు అంచు బిగింపు వేస్తాయి. ఫిల్మ్ అంచు నుంచి చట్రం మీదికి చుట్టూ స్ట్రక్చరల్ సిలికోన్ పట్టీ పోయడం ఒక పద్ధతి. అల్యూమినియం బద్దీతో ఫిల్మ్‌ను నొక్కి చట్రానికి మరలు బిగించడం ఇంకొకటి. ఇవి నిజంగా తేడా తెస్తాయి. ఫిల్మ్ వేయించుకుంటే అంచు బిగింపు లేకుండా వేయించుకోవద్దని అందరికీ చెబుతాను. కానీ బిగింపు వేయగానే భారం అద్దం మీంచి చట్రం మీదికి, చట్రం మీంచి దాన్ని గోడకు పట్టి ఉంచే మరల మీదికి పోతుంది. మీ కాలం ఇళ్లలో సిమెంటు దిమ్మెల గోడకు ముందు చెక్క బద్దీ కొట్టి, దానికి చట్రం బిగించేవారు. ఆ చెక్క ఇప్పుడు ఎలా ఉందో, మరలు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో, తుప్పు పట్టాయో లేదో తీసి చూస్తే గానీ తెలియదు. నేను తీయించి చూసిన చోట్ల సగానికి పైగా నాకు నచ్చలేదు. తాడు గట్టిదే, కట్టిన గుంజ పుచ్చిపోయింది.

ఇప్పుడు మీరు ప్రస్తావించిన ఆ ల్యాబ్ రిపోర్టు. మీ సందేశంలో దాని మొదటి పేజీ వివరాలు రాశారు: ‘ఇంపాక్ట్ పరీక్ష, 400 అడుగు-పౌండ్లు, పాస్.’ రిపోర్టు దొంగది కాదు. నిజమైనదే, కాకపోతే వేరే ప్రశ్నకు జవాబు. అది మనిషి ఢీకొంటే ఏమవుతుందని చూసే భద్రతా అద్దాల పరీక్ష. సీసపు గుళ్లు నింపిన 100 పౌండ్ల తోలు సంచిని 4 అడుగుల ఎత్తు నుంచి ఊపి వదులుతారు, అందుకే 400. పిల్లవాడు పరిగెత్తుకుంటూ తలుపుకు కొట్టుకుంటే గొంతు తెగకూడదని దాని ఉద్దేశం. చాలా మంచి పరీక్ష. ఫిల్మ్‌లు దాన్ని నెగ్గుతాయి కూడా.

తమాషా ఏమిటంటే, హరికేన్ దుంగ శక్తిని లెక్క కడితే సుమారు 350 అడుగు-పౌండ్లే వస్తుంది. కాబట్టి అమ్మకందారు కాగితం మీద వేలు పెట్టి ‘చూడండి, కోడ్ అడిగేదానికంటే మాది ఎక్కువ’ అనగలడు. ఒకసారి ఒక ఇంజినీరే నాతో ఈ వాదన చేశాడు. కానీ సంచి మెత్తన, వెడల్పైన చోట ఆనుతుంది. దుంగ కొస ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాల చెక్క ముఖం, అదీ ఏటవాలుగా తగిలితే ఒట్టి మూల. అరచేత్తో తోయడానికీ అదే బలంతో ఉలి పెట్టి కొట్టడానికీ ఉన్నంత తేడా. పైగా సంచి పరీక్షలో ఒత్తిడి చక్రాలు అసలు లేవు. సంచి దెబ్బతో పరీక్ష ముగిసిపోతుంది. హరికేన్ పరీక్ష దుంగ దెబ్బతో మొదలవుతుంది.

ఇలా పేరు కలిసే రిపోర్టులు ఇంకొన్ని ఉన్నాయి. బాంబు పేలుడు పరీక్ష ఒకటి. 1995లో ఓక్లహోమా సిటీ ఫెడరల్ భవనం పేలుడు తర్వాత ప్రభుత్వ కార్యాలయాల్లో ఫిల్మ్ వాడకం బాగా పెరిగింది, న్యాయంగానే పెరిగింది. పేలుడు ఒత్తిడి కొన్ని మిల్లీసెకన్ల పని. అద్దం పెంకులు గది మధ్యకు ఎగరకపోతే అక్కడ నెగ్గినట్టే, కిటికీ ఊడి పడినా ఫరవాలేదు. దొంగలు సుత్తితో కొట్టే పరీక్ష మరొకటి. ఇక అన్నిటికంటే జారుడు మెట్టు, చిన్న వస్తువు పరీక్ష మాత్రమే నెగ్గిన రిపోర్టు. దాని మీద ఏ.ఎస్.టి.ఎం. ఇ 1996 అనే ఉంటుంది, ‘హరికేన్’ అనే ఉంటుంది, అబద్ధం ఒక్కటీ ఉండదు. కానీ అది 30 అడుగుల పైనున్న కిటికీకి. మీది నేల మీద ఇల్లు.

అయితే ఫిల్మ్ ఎప్పటికీ కోడ్‌ను అందుకోలేదా అంటే, అలా అనను. కోడ్ ఏ వస్తువునూ పేరు పెట్టి నిషేధించదు. ఫలానా కొలత, ఫలానా మందం, ఫలానా రకం అద్దం, ఫలానా చట్రం, ఫలానా బిగింపు, వీటి మీద ఫలానా ఫిల్మ్: ఇదంతా కలిపి పెద్ద వస్తువు పరీక్ష, చక్రాలు నెగ్గి, ఆమోదం తెచ్చుకుంటే, సరిగ్గా ఆ కూర్పును సరిగ్గా ఆ హద్దుల్లో వాడుకోవచ్చు. ఆ కూర్పులో ఏ ఒక్కటి మారినా ఆమోదం మీకు వర్తించదు. చిక్కంతా అక్కడే. కొత్త కిటికీ తయారీదారుకు తన చట్రం తన చేతిలో ఉంటుంది. ఫిల్మ్ కంపెనీకి మీ చట్రం ఎవరు ఎప్పుడు చేశారో కూడా తెలియదు. ల్యాబులో నెగ్గిన మూడు నమూనాల్లో మీ 1988 నాటి కిటికీ లేదు.

అందుకని మీరు అతన్ని అడగవలసింది రిపోర్టు కాదు, ఆమోదం నంబరు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఉత్పత్తి ఆమోదానికి ఎఫ్.ఎల్. తో మొదలయ్యే నంబరు ఉంటుంది. మయామీ-డేడ్ ఇచ్చేదాన్ని నోటీస్ ఆఫ్ యాక్సెప్టెన్స్ అంటారు. నంబరు ఇస్తే రాష్ట్రం వెబ్‌సైటులో ఎవరైనా తెరిచి చూడవచ్చు. తెరిచాక నేరుగా వాడకపు పరిమితులు రాసిన చోటికి వెళ్లండి. వస్తువు తగలడాన్ని తట్టుకుంటుందని అందులో ఉందా, ఉంటే పెద్దదా చిన్నదా, గరిష్ఠ కొలత ఎంత, డిజైన్ ఒత్తిడి ఎంత, దేనికి బిగించాలి. ఒక్కోసారి ఆమోదం నిజంగానే ఉంటుంది గానీ, అక్కడే ‘వస్తువు తాకిడికి కాదు’ అని ఒక గడి నింపి ఉంటుంది. అమ్మేవాడు నంబరు చూపిస్తాడు, గడి చూపించడు.

ఇంకో సంగతి మీకు ఆయుధంగా పనికొస్తుంది. ఆమోదం లేని వస్తువును హరికేన్ నుంచి, గాలికి ఎగిరివచ్చే వస్తువుల నుంచి రక్షణ అని ప్రచారం చేసి అమ్మకూడదని ఫ్లోరిడా చట్టంలోనే ఉంది. మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కింద చర్య తీసుకోవచ్చు. ‘మీరు నోటితో చెప్పినదే, ఆమోదం నంబరుతో సహా, ఒప్పందం మీద రాసి సంతకం పెట్టండి’ అని అడగండి. నేను చెప్పి అడిగించిన చాలా సందర్భాల్లో ‘హరికేన్’ అన్న మాట మెల్లగా ‘అదనపు భద్రత’గా మారిపోయింది.

మీరు అడగలేదు గానీ, అడగాల్సింది ఒకటుంది: అసలు మీ ఇల్లు ఇప్పటి కోడ్‌ను అందుకోవాలా? ఉన్నది ఉన్నట్టు ఉంచుకుంటే, ఎవరూ వచ్చి కిటికీలు మార్చమనరు. పాత ఇల్లు కట్టినప్పటి నిబంధనలతో ఉండవచ్చు. కిటికీలు మార్చినప్పుడు మాత్రం కొత్త నిబంధన అంటుకుంటుంది. ఫ్లోరిడా కోడ్‌కు ముందు కట్టిన ఒకటి, రెండు కుటుంబాల ఇళ్లకు మీ ప్రాంతంలో ఒక వెసులుబాటు ఉంది. 12 నెలల్లో మార్చే అద్దాల విస్తీర్ణం ఇంటి మొత్తం అద్దాల్లో 25 శాతం దాటనంత వరకు వాటికి తాకిడి రక్షణ తప్పనిసరి కాదు, గాలి ఒత్తిడికి తట్టుకుంటే చాలు. కాబట్టి ‘వెంటనే ఫిల్మ్ వేయించకపోతే కోడ్ ఉల్లంఘన’ అని అతను అన్నాడని రాశారే, అది ఒట్టి బెదిరింపు.

బీమా విషయంలో ఆశ పెట్టుకోకండి. గాలి నష్టం రాయితీల కోసం ఫ్లోరిడాలో తనిఖీదారు నింపే పత్రం ఓ.ఐ.ఆర్.-బి1-1802. అందులో తెరుపుల రక్షణకు వరుసలున్నాయి: 9 పౌండ్ల దుంగను తట్టుకునేవి, అంతకు తక్కువ బరువును తట్టుకునేవి, చెక్క పలకలు, రుజువు లేనివి, ఏమీ లేనివి. ఫిల్మ్‌కంటూ వరుస లేదు. ఆమోదపత్రం చూపించలేకపోతే చివరి రెండింట్లో ఒకదానిలో పడుతుంది. పైగా ఇంటికంతటికీ ఒకే గ్రేడు, అదీ అన్నిటికంటే బలహీనమైన తెరుపును బట్టి. తొమ్మిది కిటికీలకు షట్టర్లు వేసి స్నానాల గది చిన్న కిటికీ వదిలేసినా గ్రేడు పోతుంది. ఇది అన్యాయమని కోపగించేవాళ్లను చూశాను. గాలికి ఆ చిన్న కిటికీ కూడా చాలు మరి.

ఇక నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో చెబుతాను. ఆ ఫిల్మ్ డబ్బును స్లైడింగ్ తలుపు మీద పెడతాను. ఆమోదం ఉన్న అకార్డియన్ షట్టర్ (మడతలుగా పక్కకు జరిపేది) గానీ, తొలగించగల అల్యూమినియం పలకలు గానీ. పలకలు చవక, కానీ బరువు. తుఫాను ముందు రోజు ఎండలో ఒక్కరే బిగించగలరా అని నిజాయితీగా ఆలోచించుకోండి. తర్వాత గ్యారేజీ తలుపు. దానికి అద్దం లేదు కాబట్టి ఎవరికీ గుర్తురాదు. ఇంటికి పడగల రంధ్రాల్లో అదే అతి పెద్దది. పాత తలుపైతే మార్చడమో, ఆమోదం ఉన్న అదనపు ఆసరా వేయించడమో చేయాలి. ఆ తర్వాత గాలికి ఎదురుగా ఉన్న పెద్ద కిటికీలు. డబ్బు చాలకపోతే చివర్న మిగిలిన చిన్న కిటికీలకు ప్లైవుడ్. ఇళ్లకు కోడ్ దాన్ని ఒప్పుకుంటుంది: కనీసం 7/16 అంగుళాల మందం, 8 అడుగులకు మించని పలక. కాకపోతే ముందే కొలతకు కోసి, రంధ్రాలు చేసి, గోడలో బిగింపులు వేసి ఉంచుకోవాలి. తుఫాను వార్త వినగానే దుకాణానికి పరిగెత్తి తెచ్చి మేకులు కొట్టేది లెక్కలోకి రాదు. దక్షిణాన ఆ రెండు కౌంటీల్లో ఈ వెసులుబాటు లేదు. టెక్సస్ తీరంలో ఉన్న బంధువుకు కూడా ఇదే చెప్పవచ్చా అని అడిగారు. అక్కడ రాష్ట్ర బీమా శాఖ ధ్రువపత్రం, దాని ఉత్పత్తుల జాబితా వేరు. జాబితా చూడకుండా కొనవద్దన్నది మాత్రం అక్కడా అంతే.

ఫిల్మ్ ఎక్కడ మంచిదో కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. దొంగతనం భయమున్న చోట, కిటికీ పగిలినా చేయి పెట్టి గడియ తీయడానికి ఆలస్యమవుతుంది, అలారం మోగడానికి ఆ కాసేపు చాలు. పిల్లలున్న ఇంట్లో పాత మామూలు అద్దానికి అది గాయాల నుంచి నిజమైన రక్షణ. ఎండ వేడి, సోఫా గుడ్డ వెలిసిపోవడం తగ్గుతాయి. నేను మా ఆఫీసు గాజు తలుపుకు వేయించాను, అంచు బిగింపుతో. రెండు పొరల అద్దాలకు, రంగు అద్దాలకు వేసేముందు మాత్రం ఆగండి. ఎండకు ఫిల్మ్ వేడెక్కి అద్దం దానంతట అదే పగులు చూపవచ్చు, కిటికీ తయారీదారు వారంటీ కూడా పోవచ్చు.

మీ రెండు పడకగదుల ఫిల్మ్ తీయించే పని పెట్టుకోకండి. ఆ జిగురు గీకడం నరకం, పాత అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది. అలాగే ఉంచి, బయట షట్టరో పలకో వేయించండి. షట్టర్ వంగి అద్దానికి తగిలితే లోపల పెంకులు రాలకుండా ఆ ఫిల్మ్ కాపాడుతుంది. పర్మిట్ దరఖాస్తులో మాత్రం షట్టర్ ఆమోదం నంబరు ఒక్కటే రాయండి. ఫిల్మ్ ప్రస్తావన తెస్తే తనిఖీదారు దాని కాగితాలు అడుగుతాడు.